పసుపు కాగితాలతో పరీక్ష: 3, 4, 5 తరగతులకు

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పారాణి, దిష్టినీళ్లు చూసిన పిల్లలకు ముందే తెలుసు. ఆ తెలిసినదాని నుంచే మొదలుపెట్టండి.

ముందురోజు చేయాల్సిన పని: రెండు చెంచాల పసుపును కొద్ది నీళ్లతో జారుగా కలిపి, ఫిల్టర్ పేపర్ మీదో, నునుపు లేని తెల్ల డ్రాయింగ్ కాగితం మీదో పూయండి. నిగనిగలాడే కాగితం పీల్చుకోదు, పసుపు పొడిగా రాలిపోతుంది. నీడలోనే ఆరబెట్టండి, ఎండకు రంగు వెలుస్తుంది. ఆరాక వేలెడు ముక్కలుగా కత్తిరించండి.

పాన్ షాపు సున్నం శనగగింజంత తీసుకుని గ్లాసు నీళ్లలో కలిపి, అరగంట కదపకుండా ఉంచి, పైతేట వంచుకోండి. మూత పెట్టకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తెల్లటి పొర కడుతుంది. ముద్ద సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి. కంట్లో పడితే ప్రమాదం.

తరగతిలో వట్టి నీళ్లు, పంచదార నీళ్లు, నిమ్మరసం, చింతపండు రసం, సబ్బు నీళ్లు, వంటసోడా నీళ్లు, సున్నపు తేట వేర్వేరు గిన్నెల్లో పెట్టండి. దేని స్ట్రా దానికే ఉండాలి. ఒకే స్ట్రా అన్నింటిలో ముంచడం వల్లే ఎక్కువ ఫలితాలు తప్పుతాయి. చుక్క వేయకముందే ఏమవుతుందనుకుంటున్నారో నోటుబుక్కులో రాయించండి.

మొదటి చుక్క వట్టి నీళ్లదే కావాలి. దానికే ఎరుపు కనిపిస్తే ఆ నీళ్లలో క్షారం ఉన్నట్టు. వేరే నీళ్లు తెచ్చి ద్రావణాలన్నీ మళ్లీ కలపాలి. సున్నపు తేటకు ముదురు ఎరుపు వస్తుంది, వంటసోడాకు లేత మార్పే. సోడా బలహీనమైన క్షారం కాబట్టి అది తప్పు ఫలితం కాదు.

అసలు చిక్కు ఇక్కడుంది. నిమ్మరసానికీ, పంచదార నీళ్లకూ కాగితం పసుపుగానే ఉంటుంది. “అయితే రెండూ ఒకటేనా?” అని అడిగి ఆగండి, జవాబు చెప్పేయకండి. పసుపు క్షారాన్నే పట్టిస్తుంది, ఆమ్లాన్ని చూపలేదు. ఎర్ర మందార రేకులు ఐదారు, అర గ్లాసు వేడి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వడకట్టిన రసం ఆ రెండింటినీ విడదీస్తుంది: నిమ్మరసంతో ముదురు గులాబీ రంగు వస్తుంది, పంచదార నీళ్లతో మారదు, సున్నపు తేటతో ఆకుపచ్చ అవుతుంది. ఆ రసం ఆ రోజుకే పనికొస్తుంది.

సమయం ఉంటే చుక్కలు లెక్కపెట్టించండి. నాకు పిల్లలు కొలవడం నేర్చుకునేది ఇక్కడేననిపిస్తుంది. చెంచాడు సున్నపు తేటలో చిటికెడు పసుపు వేస్తే ఎర్రబడుతుంది. నిమ్మరసాన్ని నాలుగింతల నీళ్లలో పలచన చేసి, చుక్క వేసి కలుపుతూ, మళ్లీ పసుపు రంగు తిరిగే దాకా లెక్కించాలి. పలచన చేయకపోతే నాలుగైదు చుక్కలకే అయిపోయి, జట్ల మధ్య తేడా తెలియదు. ఒక జట్టుకు 18, ఇంకో జట్టుకు 25 వస్తే ఎవరిది తప్పని తేల్చకండి. చుక్క సైజు, చెంచా నిండిన తీరు, కలిపిన తీరు వాళ్లనే పోల్చుకోమనండి. మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకోమనండి.

యూనిఫాం మీద పసుపు పడితే సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. బాగా జాడించి ఎండలో ఆరేస్తే, కాగితాన్ని నీడలో ఆరబెట్టిన కారణమే ఆ మరకను వెలిసిపోయేలా చేస్తుంది.