పోస్టింగ్ సామాను దిగుతోందా? సంతకం పెట్టే ముందు ఆగండి

మొన్నామధ్య బెంగళూరు జాలహళ్లి వైపు ఒక ఎయిర్‌ఫోర్స్ సార్జెంట్ గారి సామాను ఉత్తరాది నుంచి వచ్చింది. నెలమంగళ దగ్గర పెద్ద లారీలోంచి చిన్న బండ్లలోకి మార్చేటప్పుడు వాన పట్టుకుందట. పరుపు నొక్కితే నీళ్లు కారాయి. టేకు మంచం తలవైపు పలక నిలువునా చీలింది. టీవీ పెట్టె ఒక మూల లోపలికి నొక్కుకుపోయింది. ఆయన ఇంకా పాత యూనిట్‌లోనే ఉన్నారు. తెల్లవారుజామున చంటిబిడ్డను ఎత్తుకుని ఆయన భార్య ఒక్కరే సామాను దింపించుకున్నారు. "మేడమ్, ఇంకాసేపైతే మా బండికి నో ఎంట్రీ, తొందరగా సంతకం పెట్టేయండి" అన్నాడు డ్రైవరు. ఆవిడ పెట్టేశారు. ఆ గులాబీ రంగు కాగితం మీద ముందే అచ్చేసి ఉంది: సామానంతా మంచి స్థితిలో అందింది అని. ఇప్పుడు నష్టం అడిగినప్పుడల్లా కంపెనీ వాళ్లు ఆ కాగితం ఫొటోనే వాట్సాప్‌లో పంపుతున్నారు.

పిల్లల బడులు తెరిచేలోపు చేరాలని ఏప్రిల్, మే నెలల్లో కదిలే కుటుంబాలే ఎక్కువ. బెంగళూరులో సాయంత్రం వానలూ అప్పుడే. గాజు సామాను బట్టల్లో చుట్టండి, నగలు లారీలో వేయకండి అని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నాలుగు పోస్టింగులు చూసిన ఇల్లాలికి అవన్నీ కంఠతా వచ్చు. నేను చెప్పేది సామాను పగిలాక డబ్బు రావడం గురించి.

ఎవరిస్తారు?

డిపార్ట్‌మెంట్ ఇవ్వదు. సీటీజీ (బదిలీ అయినప్పుడు ఇచ్చే ఏకమొత్తం గ్రాంటు) గానీ, కిలోమీటరు లెక్కన వచ్చే లగేజీ డబ్బు గానీ సామాను తరలించినందుకే, పగిలినందుకు కాదు. "యూనిట్‌లో అప్లికేషన్ పెట్టాం, చూస్తామన్నారు" అంటూ నెలలు పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇవ్వాల్సింది లారీ కంపెనీ, లేదా మీ పేరున నిజంగా పాలసీ ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ.

ఆ "నిజంగా" దగ్గరే చాలామంది మోసపోతారు. సామాను విలువ మీద ఇంత శాతం అని మూవర్లు (సామాను తరలించే కంపెనీలు) కొటేషన్‌లో ఒక వరుస వేస్తారు. అది ఇన్సూరెన్సే అనుకుంటాం. పాలసీ నంబరు, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, మీ పేరు ఉన్న కాగితం చేతికి రాకపోతే అది ఇన్సూరెన్స్ కాదు. లారీ కదలక ముందే ఆ కాగితం అడగండి. పాలసీ ఉన్నా చదవండి. పైకి దెబ్బ కనిపించకుండా టీవీ, ఫ్రిజ్ లోపల చెడిపోతే చాలా పాలసీలు ఇవ్వవు.

బిల్టీలో (లారీ కంపెనీ ఇచ్చే రసీదులో) ఏం రాశారు?

2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 నాటి దాని నిబంధనల ప్రకారం, మీరు ఎక్కువ రిస్కు రేటు (కంపెనీ మీద ఎక్కువ బాధ్యత పెట్టేందుకు అదనంగా కట్టేది) కట్టకపోతే లారీ కంపెనీ బాధ్యతకు ఒక పరిమితి ఉంది: కిరాయికి పది రెట్లు. కిరాయి 40,000 అయితే 4 లక్షలు. అయితే మీరు రాసిచ్చిన విలువ అంతకన్నా తక్కువైతే ఆ విలువే పరిమితి. కొంత ఖర్చు తగ్గుతుందని "పాత ఇంటి సామాను, 20,000" అని రాయించారనుకోండి, ఇల్లంతా మునిగినా మీ లెక్క ఆ ఇరవై వేల దగ్గరే ఆగిపోతుంది.

"డిపార్ట్‌మెంట్ క్లెయిమ్‌కి ఎక్కువ వేసి బిల్లు ఇమ్మంటారా సార్?" అని అడిగే మూవర్లుంటారు. వద్దనండి. బిల్లులో ఒక మొత్తం, బ్యాంకు ఖాతాలో ఇంకో మొత్తం ఉంటే రేపు నష్టం అడిగినప్పుడు అదే మీకు అడ్డం తిరుగుతుంది. డిపార్ట్‌మెంట్ విచారణ వేరే.

ఇంకో సంగతి. డిపార్ట్‌మెంట్‌కు పెట్టే టీఏ (ప్రయాణ ఖర్చుల) క్లెయిమ్‌తో బిల్టీ, బిల్లు అసలు కాగితాలు వెళ్లిపోతాయి. పంపేముందు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. వెనకవైపు సన్న అక్షరాల్లోనే షరతులుంటాయి.

మళ్లీ సంతకం దగ్గరికి

ఇన్ని చేసీ చివర్లో ఆ ఒక్క సంతకంతో పోగొట్టుకుంటున్నారు. సంతకం పెట్టినంత మాత్రాన చట్టంలో దారులన్నీ మూసుకుపోవు. మామూలుగా అయితే లారీవాడి నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయాల్సిన పని లేదని చట్టమే చెబుతోంది. కానీ మంచి స్థితిలో అందిందని మీరే రాసిచ్చాక, దెబ్బ లారీలో తగిలిందా, మీ ఇంట్లో తగిలిందా అన్న పేచీ మొదలవుతుంది. ఆ పేచీ మీరే తెచ్చిపెట్టుకోవడం ఎందుకు?

కాబట్టి రాసి సంతకం పెట్టండి. కాగితం మీద చోటు లేకపోతే అంచున రాయండి: "పెట్టెలు విప్పి చూడలేదు. 7వ పెట్టె మూల నలిగింది. 12 తడిసింది. మంచం పలక చీలింది." తెలుగులో రాసినా తప్పులేదు గానీ, ఇంగ్లీషులో రాస్తే అర్థం కాలేదన్న సాకు ఉండదు. టైము, తేదీ వేయండి. డ్రైవరు సంతకం తీసుకోండి. పెట్టనంటే అదీ రాయండి. ఆ కాగితాన్ని అక్కడే ఫొటో తీయండి.

ఇక మిగతావి:

- ఎక్కించేటప్పుడు ప్రతి పెట్టెకూ నంబరు, లిస్టులో అదే నంబరు. నల్ల ట్రంకు మీద పేరు, సర్వీసు నంబరు ఉంది కదా అని వదిలేయకండి.
- టీవీ ఆన్ చేసి, ఫ్రిజ్ నడుస్తుండగా వీడియో తీయండి. సీరియల్ నంబరు కనపడాలి.
- మధ్యలో బండి మారుస్తారా అని ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి.
- భర్త డ్యూటీలో ఉంటే దింపేటప్పుడు పక్క క్వార్టర్ వాళ్లను పిలవండి. ఒక్కరే దింపించుకోవద్దు.
- కూలీలు తొందరపెడతారు. పెట్టనివ్వండి.
- రాయకుండా సంతకం పెట్టొద్దు.
- పగిలినవి పారేయకండి. తడిసిన అట్టపెట్టె కూడా. ఇన్సూరెన్స్ సర్వేయరు చూడాలి.
- ఆ రోజే ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో "చూస్తాం మేడమ్" అన్నది లెక్కలోకి రాదు.
- లారీ కంపెనీకి రాతపూర్వక నోటీసు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లో చేరాలి. సామాను దిగిన తేదీ నుంచి కాదు, బుకింగ్ నుంచి. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి.
- మళ్లీ చెబుతున్నా, రాయకుండా సంతకం పెట్టొద్దు. సంతకం పెట్టేది మీ అత్తగారైనా, తమ్ముడైనా ఈ మాట వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.
- కంపెనీ కొంత డబ్బిచ్చి "ఫుల్ అండ్ ఫైనల్" (ఇక ఏమీ అడగను అనే) కాగితం చాపితే ఇన్సూరెన్స్ వాళ్లను అడగకుండా ముట్టుకోకండి.
- కంపెనీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అదీ కుదరకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్. కిరాయి 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. బుక్ చేసిన ఊరికి పరుగెత్తక్కర్లేదు, ఇప్పుడు మీరున్న జిల్లాలోనే వేయండి.