ఎల్ఎన్ కమాండ్‌లో ఏది ముందు రాయాలి?

లైనక్స్‌లో సింబాలిక్ లింక్ (వేరే చోట ఉన్న ఫైల్‌ని చూపించే షార్ట్‌కట్ లాంటిది) పెట్టేటప్పుడు ఏది ముందో ఏది వెనకో నాకు చాలా రోజులు తికమకే, ఇప్పుడు ఫైల్ కాపీ చేసే సీపీ కమాండ్ గుర్తు తెచ్చుకుంటా అంతే, ఉన్న ఫైల్ ముందు, కొత్త పేరు తర్వాత, ఎల్ఎన్ మైనస్ ఎస్ కూడా అచ్చం అలాగే. విండోస్‌లో ఇదే పని చేసే ఎంకేలింక్ మాత్రం రివర్స్ (ఎందుకో వాళ్ళకే తెలియాలి).

అసలు దెబ్బ తగిలేది పాత్ (ఫైల్ ఎక్కడుందో చెప్పే అడ్రస్) దగ్గర. ఉత్తినే డేటా స్లాష్ నోట్స్ అని ఇస్తే అది మీరున్న ఫోల్డర్ నుంచి కాదు, లింక్ ఉన్న ఫోల్డర్ నుంచి వెతుకుతుంది, పైగా లింక్ పెట్టేటప్పుడు ఎర్రరేమీ రాదు, తీరా ఓపెన్ చేస్తే ఫైల్ లేదంటుంది. అందుకే స్లాష్‌తో మొదలయ్యే ఫుల్ పాత్ ఇవ్వండి, లేదా ఉబుంటులో ఎల్ఎన్ మైనస్ ఎస్ఆర్ వాడండి, లింక్ దగ్గర్నుంచి దారి అదే లెక్కేసుకుంటుంది. పెట్టాక ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టి బాణం ఎటు చూపిస్తుందో ఓసారి చూస్కోండి.