పడవే ఇల్లు – 6వ పాఠం: ఇంజన్ ఆగిన మొదటి పది నిమిషాలు

పోయిన పాఠంలో బ్యాటరీల లెక్క చూశాం. రాత్రికి ఎంత కరెంటు ఖర్చవుతోందో ఒక పుస్తకంలో రాసుకోమన్నాను. ఈరోజు కూడా దాంతో పని ఉంది, దగ్గర పెట్టుకోండి.

తెరచాప పడవలో కాపురం పెట్టినవాళ్ళకి ఏదో ఒక రోజు ఇంజన్ ఆగుతుంది. సాధారణంగా అది ప్రశాంతంగా లంగరు వేసుకుని ఉన్నప్పుడు జరగదు. రేవు ముఖద్వారంలో, అలలు పడవను ఎత్తెత్తి వేస్తున్నప్పుడే జరుగుతుంది. మన ఖర్మ అనుకుంటాం గానీ దీనికి కారణం ఉంది. డీజిల్ ట్యాంకు అడుగున కొద్దికొద్దిగా నీరు చేరుతుంది. ఆ నీటికీ డీజిలుకీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి జిగురు మడ్డిలా పేరుకుంటాయి. సముద్రం నిమ్మళంగా ఉన్నంతకాలం మడ్డి కదలదు. అలలకు ట్యాంకు కుదిలిందంటే అంతా లేచి ఫిల్టరులో అడ్డం పడుతుంది. ట్యాంకును ఎప్పుడూ నిండుగా ఉంచమనేది అందుకే. పైన ఖాళీ తక్కువైతే లోపల చెమ్మ పట్టడమూ తగ్గుతుంది.

మా మొదటి ఏడాదిలో ఇదే జరిగింది. రేవు అరమైలు దూరంలో ఉండగా ఇంజన్ రెండుమూడుసార్లు తగ్గి, పెరిగి, ఆగిపోయింది. నేను స్టార్టర్ నొక్కుతూ కూర్చున్నాను. ఇరవైసార్లయినా నొక్కి ఉంటాను. డీజిల్ అందక ఇంజన్ అంటుకోలేదు. కానీ అది తిరిగిన ప్రతిసారీ చల్లబరిచే పంపు సముద్రపు నీటిని తోడి పొగగొట్టంలోకి పంపుతూనే ఉంది. ఇంజన్ నడుస్తుంటే ఆ నీటిని పొగ బయటికి నెట్టేస్తుంది. నడవనప్పుడు నెట్టేదేమీ ఉండదు. సైలెన్సర్ నిండి, నీళ్ళు వెనక్కి తన్ని సిలిండర్లలోకి వచ్చాయి. గంటలో పోవాల్సిన పని ఇంజన్ విప్పదీసేదాకా వెళ్ళింది. ఏడు వారాలు ఒకే రేవులో ఉండిపోయాం. ఆపింది మడ్డి, పాడుచేసింది నా తొందర. ఈ పాఠం రాయడానికి కారణం అదే.

అందుకని వరుస గుర్తుపెట్టుకోండి. ముందు పడవ, తర్వాత మనుషులు, ఇంజన్ ఆఖరున. మన పడవకు తెరచాపలే అసలు బలం. అయినా రేవు కనిపించగానే వాటిని మడిచి కట్టేసి, కవరు తొడిగి, పూర్తిగా ఇంజన్ మీద ఆధారపడతాం. ఆ అలవాటు మానండి. లంగరు వేసేదాకా పెద్ద తెరచాప ఒక్క లాగుకి లేచేలా ఉండాలి, లంగరు వదలడానికి సిద్ధంగా ఉండాలి.

లోతు తక్కువైతే లంగరు వేసేయండి. నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తూ, పోటుకి పెరగబోయే నీరూ కలిపి, దానికి కనీసం ఐదింతలు గొలుసు వదలాలి. లోతు 6 మీటర్లు, ముక్కు 1 మీటరు, పోటు 2 మీటర్లయితే మొత్తం 9, అంటే 45 మీటర్ల గొలుసు. గాలి గట్టిగా ఉంటే ఏడింతలు.

చుట్టూ సముద్రం విశాలంగా ఉంటే ‘హీవ్ టు’ చేయండి, అంటే తెరచాపలతోనే పడవను దాదాపు నిలబెట్టేయండి. నాకు తెలిసిన పడవ విద్యల్లో ఇంత మేలు చేసింది మరొకటి లేదు. గాలికి ఎదురు మలుపు తిరగండి, కానీ ముందువైపు తెరచాప తాడు వదలకండి. పెద్ద తెరచాప మామూలుగా అవతలి వైపుకి మారుతుంది. ముందుది మాత్రం గాలి వెనకనుంచి కొట్టి తిరగబడి నిలుస్తుంది. ఇప్పుడు చుక్కాని పిడిని గాలి పోయే వైపుకి తోసి కట్టేయండి. చక్రం ఉన్న పడవైతే గాలి వచ్చే వైపుకి తిప్పి బిగించండి. ముందువైపు తెరచాప పడవ ముక్కుని గాలికి దూరంగా నెడుతుంది, పెద్ద తెరచాపా చుక్కానీ గాలి వైపుకి లాగుతాయి. ఈ పెనుగులాటలో పడవ దాదాపు ఆగి, నెమ్మదిగా పక్కకి జారుతుంది. అప్పటిదాకా ఉన్న మోత ఒక్కసారిగా తగ్గుతుంది. పొడుగాటి కీల్ (పడవ అడుగున నీళ్ళలోకి దిగి ఉండే వెన్నుపట్టె) ఉన్న పడవలు దీనికి ఇట్టే లొంగుతాయి. సన్న కీల్ ఉన్న పడవల్లో తెరచాపల బిగువు కాస్త సవరించుకోవాలి. గంటకి ఒకటిన్నర నాటికల్ మైళ్ళు జారినా నాలుగు గంటలకి ఆరు మైళ్ళు. జారే దిక్కున అంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇంజన్ దగ్గరికి వెళ్ళేముందు మంచినీళ్ళు తాగండి. ఏమన్నా తినండి. ఇది మర్యాదకి చెబుతున్న మాట కాదు. ఆకలితో, డీజిల్ వాసనలో తలకిందులుగా పనిచేస్తే కడుపులో తిప్పి పది నిమిషాల్లో పడిపోతారు.

ఇంజన్ ఎలా ఆగిందో గుర్తుచేసుకోండి. తగ్గుతూ పెరుగుతూ ఆగితే డీజిల్ అందలేదు. వేడి అలారం మోగాక మీరే ఆపితే చల్లనీటి దారిలో అడ్డు ఉంది. వడగట్టే బుట్ట, పంపులో నీటిని తోసే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) చూడండి. ఒక్క కుదుపుతో టక్కున ఆగితే ప్రొపెల్లరుకి తాడో వలో చుట్టుకుని ఉంటుంది. అలలుండగా దాన్ని తీయడానికి నీళ్ళలోకి దిగొద్దు. లేచిపడే పడవ వెనుక భాగం తల పగలగొడుతుంది.

డీజిల్ సంగతైతే పనిని ట్యాంకు వాల్వుతో మొదలుపెట్టండి. మూసుకుపోయిన మొదటి ఫిల్టరు మార్చి, గిన్నెని శుభ్రమైన డీజిలుతో నింపండి. విప్పినప్పుడు పైపుల్లో ఎయిర్ పడుతుంది, దాన్ని తీయాలి. ఇంజన్ మీది రెండో ఫిల్టరు నెత్తిన ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి, లిఫ్టు పంపు (ట్యాంకు నుంచి డీజిల్ తోడే పంపు) మీటని చేత్తో కొట్టండి. మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి తేటగా డీజిల్ వస్తుంది. మీట కొడుతూనే స్క్రూ బిగించండి. మీటకి బిగువు తగలకపోతే పంపు చెడిందని కంగారుపడొద్దు. ఇంజన్‌ని కొంచెం తిప్పితే మీట అందుకుంటుంది. అప్పటికీ అంటుకోకపోతే ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ముక్కుల) దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి స్టార్టర్ తిప్పి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. ఆ చోట చేయి, కళ్ళు దూరంగా ఉంచండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు.

స్టార్టర్ ఎక్కువసేపు తిప్పాల్సివస్తే ముందుగా సముద్రపు నీటి వాల్వు మూయండి. ఇంజన్ అంటుకున్న క్షణంలో తెరవండి, లేదంటే ఇంపెల్లర్ కాలిపోతుంది. మరిచిపోకుండా మేము స్టార్టరు మీటకి ఎర్రగుడ్డ కడతాం. పది సెకన్లకి మించి ఒకేసారి తిప్పొద్దు. బ్యాటరీ వోల్టేజి పుస్తకంలో రాస్తూ ఉండండి. 12.2 వోల్టులకి దిగిందంటే బ్యాటరీ సగం అయిపోయింది, ఆపి ఆలోచించండి.

బ్రిటిష్ నావికుడు రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ 1968 జూన్‌లో సుహైలీ అనే 32 అడుగుల పడవలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టడానికి బయలుదేరాడు. దారిలోనే అడుగున చెక్కల మధ్య నీరు కారడం మొదలైంది. నీళ్ళలోకి దిగి దూదిని నేరుగా పగులులో కొట్టబోతే నిలవలేదు. పైకొచ్చి, దూదిని కాన్వాసు పట్టీకి కుట్టి, మేకులు ముందే గుచ్చిపెట్టుకుని మళ్ళీ దిగాడు. 312 రోజుల తర్వాత, 1969 ఏప్రిల్ 22న ఒడ్డుకి చేరాడు. రెండు మునకల మధ్య డెక్కు మీద గడిపిన ఆ సమయం గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను.

ఒడ్డు వైపుకి జారిపోతూ, లంగరు కూడా పట్టకపోతే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో ‘పాన్ పాన్’ (అత్యవసరం అని తెలిపే పిలుపు) అని మూడుసార్లు చెప్పి మీరున్న చోటు చెప్పండి. ప్రాణాలకి తక్షణ ముప్పుంటే ‘మేడే’ అని పిలవండి. సాయం అడగడానికి మొహమాటపడొద్దు.

వచ్చే వారానికి పని: లంగరు మీద ఉన్న రోజున, ఎండగా ఉన్నప్పుడు, డీజిల్ వాల్వు మూసి ఇంజన్ దానంతటది ఆగేదాకా నడపండి. మెట్ల కిందున్న ఇంజన్ గది తలుపు తీసి, పరుపు మీద పాత గుడ్డ పరిచి పనిముట్లు పెట్టుకోండి. ఆ రోజు వంట, పడక అన్నీ ఆ చోటే కాబట్టి ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి. ఎయిర్ తీసి మళ్ళీ అంటించండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, ఏ నట్టుకి ఏ స్పానరు పట్టిందో రాయండి. తర్వాత పడవలోని రెండోవాళ్ళతో, మీరు నోరు విప్పకుండా, అదే పని చేయించండి. వచ్చే పాఠంలో పడవలోకి నీరు రావడం చూద్దాం. అప్పటికల్లా అడుగున ఉన్న రంధ్రాల వాల్వులన్నీ లెక్కపెట్టి, ఒక్కొక్క దానికి సరిపోయే చెక్క బిరడా దారంతో కట్టి ఉంచండి.