ఇద్దరూ నచ్చనప్పుడు అమెరికాలో ఓటు ఎవరికి వేయాలి?

అమెరికా అధ్యక్ష ఎన్నికల బ్యాలెట్ మీద చాలా రాష్ట్రాల్లో నాలుగైదు పేర్లు కనిపిస్తాయి. వాటిలో గెలవగలిగేవి రెండే. ఆ ఇద్దరిలో ఒకరి పేరు చూస్తే ఒళ్ళు మండుతుంది, ఇంకొకరిని చూస్తే నీరసం వస్తుంది. కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్ళయితే "ఇన్నేళ్ళు ఆగింది వీళ్ళకు ఓటెయ్యడానికా?" అని నిట్టూరుస్తారు. మనసు చంపుకుని ఒకరికి వేయొచ్చు, మూడో పార్టీకి వేయొచ్చు, ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చు, నచ్చిన పేరు చేత్తో రాసి రావొచ్చు, అసలు వెళ్ళకుండా ఇంట్లోనే ఉండిపోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోటీ నువ్వా నేనా అన్నట్టున్న చోట, నవంబరులో, గుడ్డి కన్నా మెల్ల నయం. నిరసన తెలపడానికి వేరే రోజులు, వేరే చోట్లు ఉన్నాయి. అయితే ఈ మాట అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేలా పనిచేయదు. మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవాలంటే ఈ వరసలో చూసుకుంటూ వెళ్ళండి.

1. ముందు లెక్క ఎలా జరుగుతుందో చూడండి

అధ్యక్షుడు దేశం మొత్తం మీద వచ్చిన ఓట్లతో గెలవడు. రాష్ట్రాలవారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు మొత్తం 538, వాటిలో 270 తెచ్చుకున్నవాడు గెలుస్తాడు. 48 రాష్ట్రాల్లోనూ వాషింగ్టన్ డీసీలోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ ఆ అభ్యర్థికే పోతాయి. మెయిన్, నెబ్రాస్కా మాత్రం కొన్నింటిని కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా పంచుతాయి. రెండో స్థానానికి బహుమతి లేదు, మూడో స్థానం సంగతి చెప్పనే అక్కర్లేదు.

1992లో టెక్సస్ వ్యాపారి రాస్ పెరోకి దాదాపు 19 శాతం ఓట్లు పడ్డాయి. అంటే ఐదుగురిలో ఇంచుమించు ఒకరు ఆయనకు వేసినట్టు. ఆయనకొచ్చిన ఎలక్టోరల్ ఓట్లు సున్నా. ఓటర్లు తెలివితక్కువవాళ్ళు కాబట్టి రెండు పార్టీలే మిగిలాయని కొందరు విసుక్కుంటారు గానీ, అసలు కారణం ఈ లెక్కే. ఒక సీటుకి ఒకే విజేత, అదీ సాధారణ ఆధిక్యంతో, అన్న పద్ధతి ఉన్నచోట జనం మెల్లగా రెండు గూళ్ళకు చేరిపోతారని ఫ్రెంచి పండితుడు మోరిస్ డ్యువర్జే 1950లలోనే వివరించాడు.

2. మీ రాష్ట్రంలో మెజారిటీ ఎంత?

గత నాలుగైదు ఎన్నికల్లో మీ రాష్ట్రంలో గెలుపు ఓటముల తేడా ఎంతో చూడండి. ఐదు నిమిషాల పని. రాష్ట్ర ఎన్నికల విభాగం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

కాలిఫోర్నియాలో ఈ తేడా లక్షల్లో ఉంటుంది. అక్కడ అధ్యక్ష పదవికి మీరు మూడో పార్టీకి వేసినా ఫలితం మారదు, కాబట్టి మనసుకు నచ్చినట్టు వేసుకోవచ్చు. విస్కాన్సిన్ అలా కాదు. 2000, 2004, 2016, 2020, 2024... ఈ ఐదు ఎన్నికల్లోనూ అక్కడ తేడా 30 వేల లోపే. అలాంటి చోట "నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే" అనుకునేవాళ్ళు ఒక స్టేడియం నిండా ఉంటే చాలు, అధ్యక్షుడు మారిపోతాడు.

అందరూ చెప్పే ఉదాహరణ 2000 నాటి ఫ్లోరిడా. రిపబ్లికన్ బుష్ డెమోక్రాట్ ఆల్ గోర్ మీద 537 ఓట్లతో గెలిచాడు. గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ రాల్ఫ్ నేడర్‌కు అక్కడ 97 వేలకు పైగా వచ్చాయి. నేడర్ లేకపోతే ఆ ఓట్లన్నీ గోర్‌కే పడేవి అనడం తప్పు. కొందరు బుష్‌కు వేసేవాళ్ళు, కొందరు ఇల్లు కదిలేవాళ్ళు కాదు. కానీ కావలసినవి ఆ 97 వేలూ కాదు కదా, అందులో ఓ పిడికెడు.

ఇలాంటి దెబ్బ ఒక్క డెమోక్రాట్లకే తగలలేదు. 2020 నవంబరులో జార్జియా సెనేట్ సీటుకి రిపబ్లికన్ డేవిడ్ పర్డ్యూకి 49.7 శాతం వచ్చింది. అక్కడ సగం దాటాలి. లిబర్టేరియన్ అనే మూడో పార్టీ అభ్యర్థికి రెండు శాతం పైచిలుకు పోయింది. దాంతో మళ్ళీ పోటీ పెట్టారు, 2021 జనవరిలో పర్డ్యూ జాన్ ఆసాఫ్ చేతిలో ఓడిపోయాడు. సెనేట్ పగ్గాలు చేతులు మారడానికి కారణమైన రెండు సీట్లలో అదొకటి.

ఇంకో చిన్న మాట. అధ్యక్ష పోటీ ఏకపక్షంగా ఉన్న రాష్ట్రంలో కూడా కింది పోటీలు గట్టిగా ఉండొచ్చు. పైన ఉన్నవాళ్ళ మీద అలిగి బ్యాలెట్ మొత్తం ఖాళీగా వదిలేస్తే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే. 2017లో వర్జీనియా శాసనసభలో ఒక సీటుకి ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లు వచ్చాయి. చీటీలు రాసి గిన్నెలో వేసి తీశారు. రిపబ్లికన్ పేరు వచ్చింది, దాంతో సభలో వాళ్ళకు 51-49 ఆధిక్యం నిలిచింది. ఆ టై కూడా ఒకే ఒక్క బ్యాలెట్ వల్ల వచ్చింది. ఎవరో రెండు గడులూ నింపి, ఒకదాని మీద గీత గీశారు. ఆ ఓటు ఎవరిదో కోర్టు తేల్చాల్సి వచ్చింది. గడులు శుభ్రంగా నింపండి!

3. మీకూ వాళ్ళకూ ఉన్న దూరం కాదు, వాళ్ళిద్దరి మధ్య దూరం కొలవండి

అసలు పని ఇక్కడే ఉంది. చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. "ఈయన నా ఆలోచనలకు ఎంత దూరంలో ఉన్నాడు?" అని అడుగుతారు. ఆ కొలత పెళ్ళి సంబంధానికి పనికొస్తుందేమో. ఓటు దగ్గర అడగాల్సింది, "ఈయన గెలిస్తే ఒకలా, ఆవిడ గెలిస్తే ఇంకోలా నడిచే పనులేవి?" అని.

ఒక కాగితం తీసుకుని మీకు ప్రాణప్రదమైన మూడు విషయాలు రాయండి. వలస చట్టమో, పన్నులో, వైద్యమో, యుద్ధమో, ఏదైనా సరే. ఒక్కో దాని ఎదుట ఇద్దరూ ఏం చేయగలరో రాయండి. ఏం చెప్పారన్నది కాదు, ఆ పదవికి ఉన్న అధికారంతో ఏం చేయగలరన్నది. అధ్యక్షుడు సుప్రీంకోర్టు జడ్జీలను నామినేట్ చేస్తాడు, సెనేట్ ఒప్పుకుంటే వాళ్ళు జీవితకాలం ఉంటారు. నాలుగేళ్ళ పదవి ముప్పై ఏళ్ళ పాటు పని చేస్తుంది. మూడు విషయాల్లోనూ ఇద్దరి మధ్యా నిజంగా తేడా లేదని మీకు తేలితే, నిరసన ఓటుకు మీ దగ్గర మంచి కారణం ఉన్నట్టే. ఒక్కదాంట్లో అయినా పెద్ద తేడా కనిపిస్తే, ఆ తేడా వల్ల ఎవరి బతుకు మారుతుందో ఆలోచించండి. అది మీ బతుకే కానక్కర్లేదు.

1991లో లూసియానా గవర్నరు పదవికి చివరి పోటీలో మిగిలింది ఇద్దరు. ఒకరు ఎడ్విన్ ఎడ్వర్డ్స్, అవినీతి కేసులో విచారణ దాకా వెళ్ళి బయటపడ్డ మాజీ గవర్నరు. ఇంకొకరు డేవిడ్ డ్యూక్, తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు. "దొంగకే ఓటెయ్యండి, ఇది ముఖ్యం" అన్న స్టిక్కర్లు కార్ల వెనక కనిపించాయి. ఎడ్వర్డ్స్‌కు 61 శాతం వచ్చింది. తర్వాత 2000లో ఆయనకు అవినీతి నేరం రుజువై జైలుకు కూడా వెళ్ళాడు. అంటే జనం ఆయన్ని దొంగ అన్నది నిజమే. అయినా వాళ్ళ లెక్క తప్పలేదు.

మరి దీనికి ఎదురు కథ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1844లో, అప్పటి రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డ హెన్రీ క్లే స్వయంగా బానిసలున్న యజమాని. బానిసత్వాన్ని వ్యతిరేకించే లిబర్టీ పార్టీ వాళ్ళు ఆయనకు వేయలేక తమ జేమ్స్ బర్నీకి వేశారు. న్యూయార్క్‌లో బర్నీకి 15 వేలకు పైగా వచ్చాయి. క్లే అక్కడ ఐదు వేల పైచిలుకు తేడాతో ఓడాడు. న్యూయార్క్ గెలిచి ఉంటే ఆయనే అధ్యక్షుడు. గెలిచిన జేమ్స్ పోక్ కూడా బానిసల యజమానే, పైగా టెక్సస్‌ను బానిస రాష్ట్రంగా కలుపుకుని, మెక్సికో మీద యుద్ధానికి వెళ్ళాడు. అప్పటికి చూస్తే ఆ నిరసన బెడిసికొట్టింది. కానీ ఆ పార్టీ వాళ్ళలో చాలామంది 1848లో, బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదన్న ఫ్రీ సాయిల్ పార్టీలోకి, ఆ తర్వాత 1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీలోకి చేరారు. 1860లో ఆ రిపబ్లికన్ పార్టీ తరఫునే లింకన్ గెలిచాడు.

ఈ కథను నిరసన ఓటుకు మద్దతుగా చెప్పేవాళ్ళున్నారు, వ్యతిరేకంగా చెప్పేవాళ్ళూ ఉన్నారు. నాకు కనిపించేది ఒక్కటే. వాళ్ళు నాలుగేళ్ళకోసారి అలిగి ఓటేసి ఇంటికెళ్ళిపోయిన మనుషులు కారు. మధ్యలో ఉన్న రోజులన్నీ సభలు పెట్టారు, పత్రికలు నడిపారు, కింది పదవులకు పోటీ చేశారు. మీ నిరసన వెనక అలాంటి ఏర్పాటు ఉందా?

4. మీ నిరసన ఎవరికి చేరుతుందో చూసుకోండి

ఖాళీ గడిని ఎవరూ చదవలేరు. మీరు కోపంతో వదిలేశారో, మరిచిపోయారో, పేజీ తిప్పడం తెలియలేదో, లెక్కపెట్టేవాళ్ళకు అన్నీ ఒకటే. ఓటుకు వెళ్ళకపోవడం ఇంకా నయం కాదు. ఓటు వేయని మనిషి కోసం ఏ పార్టీ తన విధానం మార్చుకోదు, వచ్చేవాళ్ళ చుట్టూనే తిరుగుతుంది.

పేరు చేత్తో రాద్దామనుకుంటే ముందు మీ రాష్ట్రం నియమాలు చూడండి. చాలా రాష్ట్రాలు ముందుగా పేరు నమోదు చేయించుకున్నవాళ్ళవే లెక్కలోకి తీసుకుంటాయి. కొన్ని అసలు రాయనివ్వవు. కార్టూన్ పాత్ర పేరు రాసి ఫోటో పెట్టుకుంటే స్నేహితులు నవ్వుతారు, అంతే. ఆ ఫోటో తీయడం కూడా కొన్ని రాష్ట్రాల్లో నేరం.

మన నోటా లాంటిది కావాలంటే అది నెవాడా రాష్ట్రంలో ఉంది. 1976 నుంచి అక్కడి బ్యాలెట్ మీద "ఈ అభ్యర్థుల్లో ఎవరూ వద్దు" అన్న గడి ఉంది. నోటాలాగే దానికీ పళ్ళు లేవు. 2014లో గవర్నరు పదవికి డెమోక్రాటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఆ గడికే అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. టికెట్ మాత్రం రెండో స్థానంలో ఉన్నాయనకు పోయింది.

ఉన్నవాటిలో కాస్త లెక్క ఉన్న నిరసన మూడో పార్టీకి వేసే ఓటే. దేశం మొత్తం మీద 5 శాతం దాటితే ఆ పార్టీకి తర్వాతి అధ్యక్ష ఎన్నికల్లో ప్రభుత్వ నిధులు అందే అర్హత వస్తుంది. నేడర్ గురిపెట్టింది దానికే, 2.7 శాతం దగ్గర ఆగిపోయాడు. పెరో దాటాడు, 1996లో ఆ డబ్బు అందుకున్నాడు. ఆయన అదే పనిగా మాట్లాడిన లోటు బడ్జెట్ గురించి రెండు పార్టీలూ పట్టించుకోక తప్పలేదు. 1998కి బడ్జెట్ మిగులులోకి వచ్చింది. ఘనతంతా పెరోది కాదు గానీ, కోటీ తొంభై ఏడు లక్షల ఓట్లను చూసీ చూడనట్టు వదిలేయడం ఎవరి తరమూ కాదు.

5. కోపం చూపించాల్సిన చోటు ప్రైమరీ

నవంబరుకల్లా ఇద్దరే మిగిలారంటే, వాళ్ళను మిగిల్చిన ప్రైమరీ రోజున మనలో చాలామందిమి ఇంట్లో ఉన్నాం. ప్రైమరీకి వచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి ఒక్కో ఓటు బరువు ఎక్కువ. 2014లో వర్జీనియాలో ప్రతినిధుల సభ రిపబ్లికన్ నాయకుడు ఎరిక్ క్యాంటర్‌ను డేవ్ బ్రాట్ అనే ప్రొఫెసర్ ఓడించాడు. 2018లో న్యూయార్క్‌లో జో క్రౌలీ అనే పెద్ద నాయకుడిని అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఓడించింది. ఆవిడకు వచ్చినవి 17 వేల లోపు ఓట్లే. ఏడు లక్షల జనాభా ఉన్న నియోజకవర్గంలో అదెంత?

ఎదురుగా నిలబడేవాళ్ళు లేకపోయినా దారి ఉంది. 2024లో గాజా విషయంలో బైడెన్ మీద కోపంతో మిషిగన్ డెమోక్రాటిక్ ప్రైమరీలో లక్షకు పైగా జనం "ఎవరికీ కట్టుబడలేదు" అన్న గడి నింపారు. కోరిందంతా జరగలేదన్నది నిజం. కానీ ఆ కోపం ఎందుకో, ఎంతమందిదో దేశమంతటికీ తెలిసింది. ఖాళీ గడికి అంత నోరు ఉండదు.

6. మీ దగ్గర పద్ధతే వేరైతే

మెయిన్, అలాస్కా రాష్ట్రాల్లో నచ్చిన వరసలో అభ్యర్థులకు ర్యాంకులు ఇవ్వొచ్చు. మొదటి ర్యాంకు మూడో పార్టీకి, రెండోది గెలవగలిగేవాళ్ళకు ఇస్తే ఈ వ్యాసం సగం మీకు అక్కర్లేదు. న్యూయార్క్‌లో ఒకే అభ్యర్థి రెండు పార్టీల గుర్తుల కింద ఉండొచ్చు. పెద్ద పార్టీ అభ్యర్థికే వేస్తూ చిన్న పార్టీ వరసలో గడి నింపితే ఆ చిన్న పార్టీకి ఎంత బలముందో లెక్క తేలుతుంది.

7. వేశాక ఏం చేయాలి?

నచ్చనివాడికి వేసినంత మాత్రాన మీరు ఆయన మనిషి అయిపోరు. ఆ సంగతి ఆయనకు కూడా తెలియాలి. మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు జనవరిలో ఫోన్ చేయండి. "మీకే వేశాను, ఫలానా విషయంలో మాత్రం మీతో లేను" అని రెండు వాక్యాలు చెప్పండి. ఫోన్ ఎత్తేది ఎవరో కుర్ర సిబ్బందే అయినా, ఏ విషయం మీద ఎన్ని ఫోన్లు వచ్చాయో రాసుకుంటారు.

ఆ ఫోన్ పెట్టేశాక తర్వాతి ప్రైమరీకి నమోదు గడువు ఎప్పుడో వెతికి క్యాలెండర్‌లో పెట్టుకోండి. పెన్సిల్వేనియా, న్యూయార్క్ లాంటి చోట్ల ఒక పార్టీలో నమోదైన వాళ్ళకే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు. 2016 న్యూయార్క్ ప్రైమరీకి పార్టీ మార్చుకునే గడువు అంతకు ముందు అక్టోబరులోనే అయిపోయింది. అది చూసుకోక డొనాల్డ్ ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ సొంత తండ్రికే ఓటు వేయలేకపోయారు.