విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను ఇంకా వాడాలంటే ఏం చేయాలి?

"ఇంకా ఎక్స్‌పీనా?" అని నవ్వేవాళ్లు పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్క రోజు డీటీపీ సెంటర్‌లో కూర్చోవాలి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు, పదిహేనేళ్ల నాటి ఫైళ్లు. అన్న పెళ్లి కార్డే పేర్లు మార్చి తమ్ముడికి వేయమంటారు. ఆ ఫైలు సవ్యంగా తెరుచుకునేది ఈ పాత పెట్టెలోనే. అను ఫాంట్లు ఎక్కడైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ ఫాంట్లు కావు కాబట్టి, ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటారు. వాటితో మార్చిన నాలుగు పేజీల్లో వత్తులు దిద్దుకునేలోపు నేను మొత్తం కొత్తగా కంపోజ్ చేసేస్తాను.

కాబట్టి ఎక్స్‌పీని ఉంచుకోండి. ముందు నెట్ తీసేయండి. కేబుల్ పీకితే చాలదు, డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డును డిసేబుల్ చేయండి. లేకపోతే "ఒక్క మెయిల్ చూసుకుంటా" అంటూ ఎవరో ఒకరు మళ్లీ గుచ్చుతారు. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ దీనికి మద్దతు ఆపేసింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు తప్పనిసరై, ఆ లోపాన్ని పూడ్చే ఒక ప్యాచ్ ఇచ్చింది. ప్రతిసారీ అలా ఇస్తుందనుకోవద్దు. యాంటీవైరస్ ఉందిగా అని నాతో వాదించకండి.

తర్వాత మదర్‌బోర్డు మీద తేదీ, టైమ్ గుర్తుంచుకునే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చి, ఫ్యాన్ దుమ్ము దులపండి. ఐదు నిమిషాల పని.

ఇక అసలు సంగతి, హార్డ్ డిస్క్. చాలామంది దగ్గర ఇప్పటికీ 80 జీబీ పాత డిస్కే తిరుగుతోంది. అది టక్ టక్ మనడం మొదలుపెట్టాక పరుగెత్తుకొస్తారు. అంతకుముందే దాన్ని ఇంకో డిస్కు మీదికి మక్కికి మక్కి కాపీ చేసుకోవాలి. ఫోల్డర్లు కాపీ చేస్తే పని కాదు, విండోస్ బూట్ అవ్వదు. నేను అందుకు క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. ఉచితం, పైగా పనికిరాని బొమ్మలు చూపించదు.

ఇక్కడే కొంపలు మునుగుతాయి. క్లోన్‌జిల్లా సోర్స్ ఏది, టార్గెట్ ఏది అని అడుగుతుంది. సోర్స్ అంటే మీ ఫైళ్లున్న పాత డిస్క్. టార్గెట్ అంటే ఖాళీది, అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ పదిహేనేళ్ల పని మీద కూర్చుంటుంది. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే రెండు వేల కార్డుల ఫైళ్లు పోగొట్టుకున్నాడు. క్లోన్‌జిల్లా డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు చూపిస్తుంది. ఎస్‌డీఏ అంటే పాతది, ఎస్‌డీబీ అంటే కొత్తది అని ఆయన లెక్క. ఆ పేర్లను నమ్మకండి, ఏది ముందు కనబడితే దానికి ఆ పేరు పడుతుంది.

అందుకే డిస్కులు బిగించకముందే రెండింటి మీది స్టిక్కర్లు చూసి మోడల్ నంబరు, సీరియల్ నంబరు కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఫొటో కాదు, కాగితమే. తెర మీద కనిపించే మోడల్‌ను దాంతో పోల్చి, పక్కన ఇంకొకరి చేత పైకి చదివించండి. కాపీ మొదలుపెట్టే ముందు క్లోన్‌జిల్లా ఒకటికి రెండుసార్లు వై (సరే) కొట్టమని అడుగుతుంది. ఊరికే అడగడం లేదు. ప్రతిసారీ ఆగి చదవండి. కొత్త డిస్క్ పాతదానికంటే పెద్దదై ఉండాలి. 80కి 80 అనుకున్నా కంపెనీని బట్టి కొన్ని ఎంబీలు తగ్గొచ్చు, అప్పుడది ఒప్పుకోదు.

కాపీ అయ్యాక రెండు డిస్కులూ తగిలించి ఎక్స్‌పీని ఆన్ చేయొద్దు. అలా చేస్తే కొత్తదానికి సీ బదులు వేరే డ్రైవ్ అక్షరం పడిపోతుంది. తర్వాత దాన్ని ఒక్కదాన్నే పెట్టి ఆన్ చేసినా లాగిన్ దగ్గరే నిలిచిపోవచ్చు. ముందు పాతది పీకండి, తర్వాత కొత్తదాన్ని దాని స్థానంలో పెట్టండి. ఎర్రర్‌తో నీలం తెర వస్తే బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగుల్లో, డిస్క్ నడిచే పద్ధతి (సాటా మోడ్) ఏహెచ్‌సీఐ మీద ఉందేమో చూసి ఐడీఈకి మార్చండి. పాత డిస్కును కవర్లో పెట్టి, తేదీ రాసి బీరువాలో పడేయండి.

మిగిలింది పెన్‌డ్రైవ్. వైరస్ ఉన్న కస్టమర్ పెన్‌డ్రైవ్‌ను నేరుగా ఎక్స్‌పీకి పెట్టారో, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోవచ్చు. కస్టమర్ తెచ్చినదాన్ని ముందు కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేసి, కావలసిన ఫైలు మాత్రం మీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోండి. మీ పెన్‌డ్రైవ్ ఎక్స్‌పీ చదవగల ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదైతే పేచీ ఉండదు. పెట్టేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే ఆటోరన్ నడవదు, అంటే అందులోని ప్రోగ్రాం దానంతటదే మొదలవదు. కస్టమర్‌కి ఇచ్చేది ఎప్పుడూ ఫాంట్లు లోపలే ఇమిడ్చిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్ మాత్రమే. పేజ్‌మేకర్ ఫైలు ఇచ్చారంటే రాత్రి పదింటికి "అన్నా, అక్షరాలు పిచ్చి పిచ్చిగా వస్తున్నాయి" అని ఫోన్ వస్తుంది.