మోకాలి నొప్పి ఉన్నా స్క్వాట్ మానలేదు: నా అనుభవం

బరంపురంలో బరువులెత్తడం ఊరికే మోజు కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన రవికుమార్ ఈ ఊరి బిడ్డే. అలాంటి ఊళ్లో ఉంటూ జిమ్ మానేయాలంటే ప్రాణం ఒప్పలేదు.

నొప్పి మోకాలిచిప్ప కింద, టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటి భాగం) దగ్గర. మెట్లు దిగేటప్పుడు, స్క్వాట్‌లో (భుజాన బరువుతో గుంజీ తీయడం) కిందికి వెళ్లేటప్పుడు ఎక్కువ. విశ్రాంతి తీసుకుంటే తగ్గేది, బార్ భుజాన వేయగానే మళ్లీ మొదటికొచ్చేది.

ఫిజియోథెరపిస్ట్ దారి చూపించారు. టెండన్‌కి బలం విశ్రాంతితో రాదు, మెల్లమెల్లగా పెంచే బరువుతోనే వస్తుంది. ముందు లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ (కూర్చుని కాళ్లతో బరువు పైకి లేపేది) మీద కాలు కదల్చకుండా 45 సెకన్లు బరువు పట్టి ఉంచడం, అలా 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. అది కుదిరాక స్క్వాట్: దిగడానికి 3 సెకన్లు, లేవడానికి 3. గెంతులు, పరుగు కొన్నాళ్లు పక్కన పెట్టాను.

అసలు పరీక్ష మర్నాటి ఉదయం. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు లోపే ఉండి, తెల్లారేసరికి పెరగకపోతే బరువు కొంచెం పెంచుతాను. పెరిగితే తగ్గిస్తాను, టెన్షన్ పడను. నెలలు పడుతుంది. మోకాలు వాచినా, పట్టేసి కదలకపోయినా మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు పూర్తి లోతు స్క్వాట్ చేస్తున్నాను. చలికాలంలో వార్మప్‌కి కాస్త ఎక్కువ టైమ్ ఇస్తాను.