పంట బీమా నమోదుకు ముందు పాటించవలసిన జాగ్రత్తలు

మహారాష్ట్రలోని సిరోంచ, దెగ్లూరు, ధర్మాబాద్ తాలూకాల తెలుగు రైతులు ప్రధానమంత్రి ఫసల్ బీమాకు దరఖాస్తు చేసేముందు తమ పేరును అన్ని పత్రాలలోనూ సరిచూసుకోవాలి. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, చివర రాయడం మరాఠీ రికార్డుల పద్ధతి. అందువల్ల సాత్‌బారా (7/12 భూమి పత్రం)లో ఒక విధంగా, ఆధార్‌లోనూ బ్యాంకు పుస్తకంలోనూ మరొక విధంగా పేరు ఉంటే పరిహారం ఖాతాకు చేరక నిలిచిపోవచ్చు. సాత్‌బారా దిద్దుబాటుకు తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) వద్దకు గడువుకు చాలా ముందే వెళ్లాలి. ఫార్మర్ ఐడీ (రైతు గుర్తింపు సంఖ్య) లేనివారు దానిని ముందుగా పొందాలి.

రైతు ఒక్క రూపాయి కడితే చాలన్న బీమా పద్ధతి 2025 ఖరీఫ్ నుండి రద్దయింది. వరి, సోయాబీన్‌లకు బీమా మొత్తంలో 2 శాతం, పత్తికి 5 శాతం వరకు రైతే చెల్లించాలి. సేవాకేంద్రం అంతకుమించి అడిగితే ఇవ్వనవసరం లేదు. రసీదు మాత్రం తప్పక తీసుకోవాలి.

పొలంలో పత్తి వేసి దరఖాస్తులో సోయాబీన్ రాయించడం వంటి పొరపాటు చిన్నదిగా కనిపించినా, ఈ-పీక్ పాహణీ (మొబైల్ యాప్ ద్వారా చేసే పంట నమోదు)లో ఉన్న పంటతో పోల్చినప్పుడు అది బయటపడుతుంది.

పంట రుణం ఉన్నవారికి 2020 ఖరీఫ్ నుండి బీమా ఐచ్ఛికమే అయినా, వద్దనుకునేవారు గడువుకు 7 రోజుల ముందే బ్యాంకుకు రాసి ఇవ్వాలి, లేకుంటే ప్రీమియం ఖాతా నుండి కోత పడుతుంది.

ప్రాణహిత, గోదావరుల ఆవలి ఒడ్డున తెలంగాణలో భూమి ఉన్నవారు దానిని ఈ దరఖాస్తులో చేర్చరాదు.